దసరా సెలవులు, నేపాల్ ఘాట్ రోడ్డు, మా కాలిపోయిన క్లచ్

ముందే చెప్పేస్తున్నా, ఇందులో హిమాలయాలు తక్కువ, క్లచ్ ప్లేట్ ఎక్కువ. బెజవాడ నుంచి సొంత బండిలో నేపాల్ వెళ్దాం అని ప్లాన్ వేసుకునేవాళ్ళకి మాత్రం పనికొస్తుంది, ముఖ్యంగా దసరా సెలవుల్లో వెళ్దాం అనుకునేవాళ్ళకి.

2023 అక్టోబర్‌లో వెళ్ళాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా బామ్మర్ది. బామ్మర్దికి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు ఉంది, కాబట్టి దార్లో బండికి ఏమన్నా అయినా వాడున్నాడులే అని నా ధైర్యం. బండి ఏడు సీట్ల డీజిల్, అప్పటికి 84 వేలు తిరిగింది. బయల్దేరే ముందు వారం ఆటోనగర్‌లో మా మేస్త్రీకి చూపిస్తే ఆయిల్ మార్చి బ్రేక్ ప్యాడ్లు వేసి, ఒక రౌండ్ తోలి వచ్చి "సార్, పెడల్ బాగా పైకొచ్చాక గానీ క్లచ్ పట్టుకోవట్లేదు, ఘాట్లు ఎక్కుతారు కదా, సెట్ మార్చేద్దాం" అన్నాడు. మా బామ్మర్ది వెంటనే "ఇంకో పదివేలు ఆగుద్ది బావా, వచ్చాక చూద్దాం" అన్నాడు. నేను మేస్త్రీ మాట వదిలేసి వాడి మాట విన్నా, ఎందుకంటే వాడి మాటకి ఖర్చు లేదు కదా.

16వ తారీకు తెల్లారుజామున మూడింటికి బెంజి సర్కిల్ దాటాం. మొదటిరోజు హైదరాబాద్ రింగ్ రోడ్డు మీదుగా నాగ్‌పూర్, రెండోరోజు జబల్‌పూర్ మీదుగా రీవా, మూడోరోజు కాశీ. నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవి దగ్గర రోడ్డుని పైకి లేపి జంతువులకి కింద దారి వదిలారు, అది పిల్లలకి బాగా నచ్చింది. కాశీలో ఆంధ్రాశ్రమంలో దిగాం. నవరాత్రులు కాబట్టి మనోళ్ళు కిటకిటలాడుతున్నారు, రూమ్ మామూలుగానే ఉంది, కానీ మూడురోజులు రోటీలు తిన్నాక పప్పు, చారు, పెరుగన్నం కనపడితే ఇంక రూమ్ ఎవడు చూస్తాడండి.

20న గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి బోర్డర్. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తా. మన బండి నేపాల్లోకి వెళ్ళాలంటే భన్సార్ అని కస్టమ్స్ పర్మిట్ తీసుకోవాలి, రోజుల లెక్కన కట్టాలి, ఏడాదికి 30 రోజులకి మించి ఇవ్వరు. ఆర్‌సీ, లైసెన్స్ ఒరిజినల్స్ చూస్తారు, మన లైసెన్సే చెల్లుతుంది. గేటు దాటగానే నలుగురైదుగురు మీదకొచ్చి మేం చేయిస్తాం మేం చేయిస్తాం అంటారు. మేం ఒకడికి ఇచ్చి మోసపోయాం, వాడు చేసిందల్లా మా కాగితాలు పట్టుకుని మేం నిలబడాల్సిన లైన్లోనే నిలబడటం. మీరే నేరుగా కిటికీ దగ్గరకి వెళ్ళండి. మేం 26 వరకు, ఏడు రోజులకి కట్టాం. గడువు దాటితే ఫైన్ పడుద్ది, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

డబ్బుల సంగతి. మన వందకి వాళ్ళ 160, ఎప్పుడూ అదే లెక్క, మారదు. అప్పట్లో మన ఐదొందల నోట్లు అక్కడ చెల్లేవి కావు, వంద వరకే, అందుకని బెజవాడలో బ్యాంకులో బతిమాలి నాలుగు వంద కట్టలు తీసుకెళ్ళాం. మా ఆవిడ ఇన్ని కట్టలెందుకు పెళ్ళికెళ్తున్నామా అని నవ్వింది. 2024 నుంచి అక్కడ చాలా షాపుల్లో క్యూఆర్‌కి మన యూపీఐ పనిచేస్తోంది, మాకప్పుడు ఆ సుఖం లేదు. ఇంకోటి, మన బండి ఇన్సూరెన్స్ మామూలుగా ఇండియా వరకే. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ లాంటివాటికి కొంచెం ప్రీమియం కట్టి ఏరియా పొడిగించుకోవచ్చు, వెళ్ళే ముందు అడిగి రాయించుకోండి. క్లచ్ అరిగిపోతే అది ఎలాగూ ఇవ్వరనుకోండి.

ఆ రాత్రి భైరహవాలో ఉన్న హోటల్ గురించి ఎక్కువ రాయను. ఫోటోల్లో ఉన్న రూమ్ ఒకటి, మాకిచ్చింది ఒకటి, దోమలు మాత్రం అసలైనవే. పొద్దున్నే లుంబినీ చూశాం. మాయాదేవి గుడి పక్కన అశోకుడి స్తంభం దగ్గర మా బామ్మర్ది కూడా ఓ పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాడంటే ఆ చోటు ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఊహించుకోండి.

అక్కణ్ణించి కష్టాలు. బుట్వల్ నుంచి నారాయణ్‌ఘాట్ వరకు సుమారు 115 కి.మీ., ఆ రోడ్డుని ఎన్నేళ్ళనుంచో వెడల్పు చేస్తూనే ఉన్నారు. దుమ్ము అంటే మామూలు దుమ్ము కాదు, మిట్టమధ్యాహ్నం లైట్లు వేసుకుని వెళ్ళాల్సొచ్చింది. మధ్యలో దౌన్నే అని చిన్న ఘాటు, అక్కడ లారీలు ఇరుక్కుని రెండుగంటలు ఎత్తు మీద జామ్. అడుగు కదలటం ఆగటం, అడుగు కదలటం ఆగటం, అంతా హాఫ్ క్లచ్ మీదే. ఆ టైములో స్టీరింగ్ మీదుంది నేనే, క్లచ్ మీద పాదం ఆనించి తోలే అలవాటు నాకుంది, ఒప్పుకుంటున్నా. నారాయణ్‌ఘాట్ దాటాక ముగ్లింగ్, ఆ తర్వాత దుమ్రే. దుమ్రే నుంచి బందీపూర్ కొండ మీదకి ఎనిమిది కి.మీ. ఎక్కాలి.

ఆరు కి.మీ. ఎక్కింది. ముందు కాలిన వాసన వచ్చింది, బయట ఎవరో టైర్లు తగలబెడుతున్నారు అనుకున్నాం. తర్వాత యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పిఎం లేస్తోంది గానీ బండి కదలట్లా. మా బామ్మర్ది మొహం చూశా. వాడు కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు.

బండిని పక్కకి తోసి చక్రాలకి రాళ్ళు పెట్టి, ఒక జీపు ఆపి సామాన్లు దాంట్లో వేసుకుని బందీపూర్ చేరేసరికి చీకటి పడింది. కానీ ఊరు చూశాక కొంచెం తేరుకున్నాం అండి. పాత నెవారీ వ్యాపారుల ఊరు, మెయిన్ బజార్లోకి బండ్లు రానివ్వరు, రాళ్ళు పరిచిన వీధి, చెక్క కిటికీలు. మేం దిగిన హోమ్‌స్టే ఆవిడ దాల్ భాత్ పెట్టి వద్దన్నా మళ్ళీ మళ్ళీ వడ్డించింది, గోదారి జిల్లా చుట్టాలింటికి వెళ్ళినట్టే ఉంది. మొత్తం ట్రిప్‌లో స్టేకి ఫుల్ మార్కులు దీనికే.

మర్నాడు 22, ఆదివారం, పొద్దున్న ఏడున్నర దాటాక మంచం ఊగింది. చిన్నోడు లేపుతున్నాడేమో అనుకున్నా, చూస్తే వాడు నిద్రలో ఉన్నాడు. ధాదింగ్ కేంద్రంగా 6.1 భూకంపం అని తర్వాత తెలిసింది, మా దగ్గర ఏమీ కాలేదు, వీధిలోకి వచ్చిన జనం కాసేపు నిలబడి మళ్ళీ లోపలికెళ్ళి పండగ పనుల్లో పడ్డారు. మా ఆవిడ మాత్రం బండిని వదిలేసి బస్సెక్కి ఇంటికి పోదాం అంది.

పండగ అన్నా కదా, అసలు విషయం ఇదే. మన దసరాయే వాళ్ళకి దశయ్‌న్, వాళ్ళకి అన్నిటికన్నా పెద్ద పండగ. మనకి దసరా అంటే కొట్లు కళకళలాడతాయి, అక్కడ సప్తమి నుంచి ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ, సిటీల్లో పనిచేసేవాళ్ళంతా సొంతూళ్ళకి పోతారు, ఆఫీసులు ఉండవు, వర్క్‌షాపులు ఉండవు. మేం సరిగ్గా సప్తమి సాయంత్రం బండి పాడుచేసుకున్నాం. మన సెలవులు చూసుకున్నాం గానీ వాళ్ళ సెలవులు చూసుకోలేదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాప్ సంగతంటారా, అది బోర్డర్ ఇవతలే ఆగిపోయింది.

ఇంజన్ ఆన్‌లో ఉంచి న్యూట్రల్లో, బామ్మర్ది ఒక్కడే కూర్చుని, దుమ్రే దాకా దించాడు. ఘాట్లో న్యూట్రల్ అంటే ఇంజన్ బ్రేకింగ్ ఉండదు, బ్రేకులు కాలిపోతాయి, అందుకని ప్రతి వంపు దగ్గరా ఆపి చల్లారనిచ్చి మళ్ళీ దించాడు. నేను వెనకాల జీపులో దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటూ వచ్చా. ఈ పని మీరు చెయ్యొద్దు, మేం చేయకూడని పనే చేశాం. దుమ్రేలో అన్నీ షట్టర్లే. ఒక టీ కొట్టాయన దమౌలీలో ఒకడు తెరిచి ఉంచాడని ఫోన్ చేసి కనుక్కుని, పికప్ బండికి తాడు కట్టించి పంపించాడు. ఇరవై కి.మీ. లోపే, వాళ్ళ మూడు వేలు తీసుకున్నారు, అంటే మన 1,875. ఆ దుమ్ము రోడ్డు మీద అది ఎక్కువేం కాదు.

మెకానిక్ బీహార్ బోర్డర్ పక్కనున్న బీర్‌గంజ్ వైపు మనిషి, హిందీ మాట్లాడతాడు, మేం భాయ్ భాయ్ అంటూనే ఉన్నాం. అందరూ పండక్కి వెళ్తే మీరెందుకు వెళ్ళలేదు అంటే, "మా పండగ ఛఠ్, అప్పుడు వెళ్తా, ఇప్పుడు వెళ్తే మీలాంటోళ్ళని ఎవరు చూస్తారు" అన్నాడు. షెడ్డు అంటే నాలుగు రేకులు, లిఫ్ట్ లేదు, గొయ్యి ఉంది. మా బామ్మర్ది ఆ రేకులు చూసి "బావా, మన ఆటోనగర్లో టీ కొట్టు ఇంతకన్నా పెద్దది" అన్నాడు తెలుగులో. వాడికి అర్థం కాలేదు అనుకున్నాం, తర్వాత అడిగాడు, ఆటోనగర్ అంటే ఏంటి అని. బామ్మర్ది ఫోన్లో వీడియోలు చూపించాడు, లారీ బాడీలు కట్టేది, ఇంజన్ రీబోర్ చేసేది, ఛాసిస్ లైన్లు. వాడు చూసి చూసి "ఇంత ఉంటే మరి క్లచ్ అక్కడే ఎందుకు వేయించలేదు" అన్నాడు. దానికి మా దగ్గర సమాధానం లేదు.

పార్ట్ ఒక్కటే సమస్య. బామ్మర్దికి పార్ట్ నంబర్ నోటికొచ్చు, అదొక్కటి మాత్రం వాడి పుణ్యం. కానీ నారాయణ్‌ఘాట్లో డీలర్ కొట్టు మూత, దశమి అయ్యాక గానీ తెరవడు. మెకానిక్కే దారి చెప్పాడు. నవమి రోజున అక్కడ పనిముట్లకి, బండ్లకి పూజ చేస్తారు, మన ఆయుధ పూజే, కాకపోతే వాళ్ళు చాలాచోట్ల మేకనో కోడినో బలిచ్చి ఆ రక్తం బండి మీద చల్లుతారు. డీలర్ పూజకి ఎలాగూ షట్టర్ ఎత్తాలి, ఎత్తినప్పుడు సెట్ తీసి మైక్రోబస్సులో వేయమని అడుగుతా అన్నాడు. అట్టాగే 23 సాయంత్రానికి క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ అట్టపెట్టెలో దమౌలీ వచ్చాయి, పెట్టె మీద కుంకుమ బొట్టు కూడా ఉంది.

ఈలోపు గేర్‌బాక్స్ దించేశాడు. మా మేస్త్రీకి వాట్సాప్ వీడియో కాల్ చేస్తే, ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. "ఫ్లైవీల్ దగ్గరగా చూపించండి సార్, నీలం మచ్చలున్నాయా" అన్నాడు. ఉన్నాయి, క్లచ్ ప్లేట్ ఆనే ఆ ఇనప చక్రం మీద వేడికి వచ్చేవి. "పగుళ్ళు లేకపోతే ఎమరీ పేపర్‌తో రుద్దించండి, లేత్‌కి పట్టించాలి గానీ అక్కడ ఇప్పుడు ఎక్కడ దొరుకుద్ది" అన్నాడు. ఈయన తెలుగు, ఆయన భోజ్‌పురి కలిసిన హిందీ, మధ్యలో బామ్మర్ది అనువాదం. సగం దాటాక అనువాదం కూడా అక్కర్లేకుండా పోయింది, ఇద్దరూ వేళ్ళు చూపించుకుంటూ మాట్లాడేసుకున్నారు.

మేం రెండు రోజులు బామ్మర్దిని అక్కడే కాపలా పెట్టి మైక్రోబస్సులో పోఖరా వెళ్ళొచ్చాం. పోఖరా గురించి అందరూ రాస్తారు కాబట్టి క్లుప్తంగా: లేక్‌సైడ్‌లో హోటల్ శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు రోజుకో గంట, టాక్సీ వాళ్ళు మీటర్ మాట ఎత్తరు. సారంగ్‌కోట్‌లో తెల్లారేటప్పుడు మచ్ఛపుచ్ఛ్రే కొండ బంగారం రంగుకి తిరిగింది, పిల్లలు చలికి వణుకుతూనే చూశారు. 24 దశమి రోజు టూరిస్టు వీధి తప్ప ఊరంతా మూత. హోటల్ ఓనర్ వాళ్ళమ్మ మమ్మల్ని కూడా కూర్చోబెట్టి నుదుటిన బియ్యం, పెరుగు, కుంకుమ కలిపిన టీకా పెద్దది పెట్టి, చెవి వెనక జమరా అని పసుపుపచ్చటి బార్లీ మొలకలు పెట్టింది, పిల్లలకి తలో పది రూపాయలిచ్చింది. ఇంద్రకీలాద్రి మీద రాజరాజేశ్వరి అలంకారం చూడలేకపోయానే అని అప్పటిదాకా సణుగుతున్న మా ఆవిడ ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది.

25 మధ్యాహ్నానికి బండి రెడీ. సెట్ వాళ్ళ 24 వేలు, లేబర్ ఆరు వేలు, అంటే మన లెక్కలో 18,750. పార్ట్ మన దగ్గరకన్నా ఎక్కువే పడింది, దిగుమతి సుంకాలు కదా. లేబర్ మాత్రం నాకు తక్కువే అనిపించింది, పండగలో, గొయ్యిలో పడుకుని, ఒక్క కుర్రాడి సాయంతో చేశాడు. ఇంకో వెయ్యి ఇస్తే తీసుకోలేదు, మా అటుకుల మిక్చర్ డబ్బా మాత్రం తీసుకున్నాడు.

ఇక ఖాట్మండు లేదు, పశుపతినాథ్ లేదు. 26న భన్సార్ ఆఖరి రోజు కాబట్టి తెల్లారుజామున నాలుగింటికి దమౌలీ నుంచి బయల్దేరి, దౌన్నే దగ్గర ఈసారి బామ్మర్ది తోలి, రెండున్నరకి సునౌలి దాటాం. గేటు దగ్గర పోలీసు డిక్కీలో నల్లగా కాలిన పాత ప్లేట్ చూసి ఇదేంటి అన్నాడు. మా చిన్నోడు "మావయ్యది" అన్నాడు.

మీరు వెళ్తే: సొంత బండి అయితే దసరాకి కాకుండా నవంబర్ ఆఖర్లో వెళ్ళండి, కొండలు కూడా అప్పుడే బాగా కనపడతాయంట. దసరాకే కుదిరితే సునౌలి దాకా బండిలో వెళ్ళి అక్కడ పార్కింగ్‌లో పెట్టి అవతల జీపు మాట్లాడుకోండి. బందీపూర్ రెండు రాత్రులు ఉండండి. క్లచ్ అనుమానం ఉంటే ఇక్కడే మార్పించండి.

బెజవాడ వచ్చాక మేస్త్రీ ఒక రౌండ్ తోలి, దిగి, "బాగానే వేశాడు సార్" అన్నాడు. ఇప్పుడు బండి లక్షా ఇరవై దాటింది, ఆ క్లచ్చే నడుస్తోంది. పెడల్ కింద నుంచే పట్టుకుంటోంది ఇంకా.