ధర్మవరం డబుల్ షేడ్ పట్టుచీర: ఎరుపు, ఊదా కలిసిన రంగు

అనంతపురంలో ఏ బట్టల షాపుకు పోయి ఊదారంగు అడిగినా వంకాయ రంగో, రాణి కలరో తీసి ముందర పరుస్తారు. నాకు కావాల్సింది ఆ రెండింటి నడిమిది. డిగ్రీ పిల్లలకు ప్రాచీన చరిత్ర చెప్పినన్నాళ్లూ గ్రీకులు పోర్ఫురా అని పిలిచిన ఊదా రంగు గురించి చెబుతూనే వచ్చినాను. అట్లాంటి రంగు కట్టుకోవాలని ఎప్పటినుంచో ఆశ. పాప నిశ్చితార్థానికని ధర్మవరం పోయి, మగ్గం ఇంట్లోనే తీసుకున్నాను.

నిలువు పోగులు, అంటే పడుగు ఎరుపు; అడ్డం పోగులు, అంటే పేక నీలం. ట్యూబ్‌లైటు కింద చూస్తే దాదాపు నల్లగా ఉంది, మనసుకు పట్టలేదు. నేసే అన్న "ఎండలోకి రాక్కా, అప్పుడు చూడు" అని వాకిట్లో మడత విప్పినాడు. కుచ్చిళ్లు పట్టి కొంచెం వంచితే మడత అంచున ఎరుపు, లోపల ఊదా. ఒళ్లు ఝల్లుమంది. గడ్డకట్టిన నెత్తురు రంగు, చూడగానే నలుపు, వెలుగుకు పట్టి చూస్తే మెరుపు, అని టైరు అనే పాత రేవు పట్నం పేరున్న మేలైన ఊదా గురించి రోమన్ రచయిత ప్లినీ రాసింది ఇదే కదా!

ఆ రంగును సముద్రపు నత్తల నుంచి తీసేవాళ్లు. 1909లో పాల్ ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తలతో చేస్తే చేతికొచ్చింది 1.4 గ్రాములు. రాజులకు తప్ప ఇంకెవరికి అందుతుంది? కానీ నిలిచే రంగు. అలెగ్జాండర్‌కు పర్షియా రాజుల సూసా పట్నం ఖజానాలో దొరికిన ఊదా బట్టలు 190 ఏళ్ల నాటివైనా రంగు తాజాగానే ఉందని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసినాడు.

నా చీరది మామూలు డబ్బా రంగే. తడిపిన తెల్లగుడ్డతో కొంగు చివర రుద్దితే మరక అంటలేదు. పోగు కాల్చి చూపించినాడు, వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడి బూడిద, అంటే అసలు పట్టే. జరీ హాఫ్ ఫైన్, అంటే అసలు వెండి జరీ కాదు అని అడక్కముందే చెప్పినాడు, ఆ నిజాయితీ నాకు శానా నచ్చింది. జానెడు అంచు బరువే, కానీ కుచ్చిళ్లు జారకుండా కూర్చుంటాయి. ధర 14,500.

రవిక గుడ్డ మాత్రం నచ్చలేదు. అక్కడ పేక కూడా ఎర్రదే వేసినారు, ఉత్త ఎరుపు వచ్చింది. చెప్పి నేయించుకునేవాళ్లు రవికకూ నీలి పేకే వెయ్యమని ముందే చెప్పండి. పొద్దు ఉండంగానే పోండి.