తిరుపతిలో కామిక్స్ షాపు: ఒకటో భాగం ఎప్పుడూ ఉంటుంది, నాలుగోది ఎప్పుడూ ఉండదు

ముందే చెప్పేస్తున్నా, తిరుపతిలో కామిక్స్ కొనాలంటే ఇప్పుడు చెన్నై దాకా పోవాల్సిన పని లేదు. ఊళ్ళోనే ఒక పుస్తకాల షాపులో మేడ మీద గోడంతా అవే. కానీ ఒక సిరీస్ మొదలుపెట్టి అదే షాపులో కొనుక్కుంటూ చివరిదాకా చదివేద్దాం అనుకునేవాళ్ళు మాత్రం ఆ ఆశ మెట్లెక్కకముందే వదిలేసుకోండి. షాపు పేరు రాయడం లేదు. మెచ్చుకోవడంతో పాటు నాలుగు తిట్లు కూడా తిట్టబోతున్నా, ఆ ఓనర్ మొహం నేను మళ్ళీ చూడాలి కదా.

కింద అంతా మామూలే. స్కూలు పుస్తకాలు, గైడ్లు, ఈఏపీసెట్ మెటీరియల్, గ్రూప్స్ బిట్ బ్యాంకులు, ఒక మూల వ్రతకథలు, స్తోత్రాలు. ఏసీ కిందే ఉంది, పైన ఫ్యానే. మెట్లు ఇరుకు, ఎదురుగా ఎవరైనా దిగుతుంటే ఒకరు పక్కకి ఒదిగి నిలబడాలి. పైకి వెళ్ళాక మాత్రం నిజంగా బాగుంటుంది, ఎందుకంటే ఈ ఊళ్ళో ఇన్ని మాంగా, అంటే జపాన్ కామిక్స్, ఒకచోట చూడటం నాకు ఇదే మొదలు. వన్ పీస్, నరుటో, డీమన్ స్లేయర్, జుజుట్సు కైసెన్, డెత్ నోట్, అటాక్ ఆన్ టైటన్. గోడలో ముప్పాతిక భాగం ఇవే. మిగతాది చిన్నపిల్లల బొమ్మల నవలలు, అదే గ్రాఫిక్ నవలలు. బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ లాంటి సూపర్‌హీరోలందరినీ వంగి చూస్తే తప్ప కనబడని అడుగు అరలో పెట్టారు. చిన్నప్పుడు కామిక్స్ అంటే సూపర్‌హీరోలే అనుకున్న నా బోటి వాళ్ళకి కాస్త బాధేస్తుంది గానీ, షాపువాడిది తప్పు కాదు. అమెరికాలో కూడా పుస్తకాల షాపుల్లో ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేది మాంగా, పిల్లల గ్రాఫిక్ నవలలే. కోవిడ్ టైంలో జనం ఇళ్ళలో కూర్చుని ఓటీటీలో యానిమే, అంటే జపాన్ బొమ్మల సిరీస్‌లు, చూసి చూసి పుస్తకాల మీద పడ్డారు. 2021లో ఉత్తర అమెరికాలో కామిక్స్, గ్రాఫిక్ నవలల అమ్మకాలు 200 కోట్ల డాలర్లు దాటాయి, అంటే అంతకు ముందు ఏడాది కంటే 60 శాతానికి పైగా ఎక్కువ. ఆ ఊపు తర్వాత తగ్గింది, అయినా గోడ మీద ఎవరికి ఎంత చోటు అన్నది మాత్రం మళ్ళీ పాత లెక్కకి రాలేదు.

ఇక్కడ ఏది అమ్ముడవుతుందో తెలుసుకోవడానికి జాబితాలు చూడక్కర్లేదు, థియేటర్ ముందు పోస్టర్ చూస్తే చాలు. డీమన్ స్లేయర్ సినిమా ఇన్ఫినిటీ క్యాజిల్ 2025 సెప్టెంబరులో తెలుగు డబ్బింగుతో కూడా వచ్చింది కదా, ఆ తర్వాత ఆ సిరీస్ ఒకటో భాగం ఈ షాపులో తెగ అమ్ముడుపోతోంది. ఓనర్ మాటల్లోనే రాస్తా: "పిల్లకాయలు సినిమా చూసి నేరుగా ఇక్కడికే వస్తా ఉండారు సార్. పేరు కూడా సరిగ్గా చెప్పలేరు, ఫోన్లో ఫోటో చూపిస్తారు." జపాన్‌లోనూ ఇదే జరిగింది. ఆ మాంగా 2016లో మొదలైనప్పుడు ఓ మాదిరిగా నడిచింది, 2019లో టీవీలో యానిమే వచ్చాక ఒక్కసారిగా ఎగిరింది, 2021 కల్లా 15 కోట్ల కాపీలు దాటింది. మొత్తం 23 భాగాలే, కథ 2020లోనే అయిపోయింది కూడా. కథ ముగిసిన ఇన్నేళ్ళకి మన ఊళ్ళో ఒకటో భాగం కోసం పిల్లలు మెట్లెక్కుతున్నారంటే అది తెర చలవే.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా. ఈ గోడ మీద ఏ సిరీస్ తీసుకున్నా ఒకటో భాగం అయిదారు కాపీలు ఉంటాయి, రెండోది రెండు ఉంటాయి, మూడోది అదృష్టం బాగుంటే ఉంటుంది, నాలుగు నుంచి ఏమీ ఉండదు, మళ్ళీ హఠాత్తుగా పదకొండో భాగం ఒకటి, పంతొమ్మిదో భాగం ఒకటి కనిపిస్తాయి. ఆ పంతొమ్మిదోది ఎవరి కోసమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వన్ పీస్ అయితే 1997 నుంచి నడుస్తోంది, వంద భాగాలు ఎప్పుడో దాటింది, 2022 నాటికే 50 కోట్ల కాపీలు దాటాయని ప్రకటించారు, అలాంటి సిరీస్‌లో ఇక్కడ ఉన్నవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఓనర్ని అడిగా. "అన్నా, మధ్యలోవి ఎందుకు తెప్పించరు?" అని. ఆయన దాచుకోకుండా చెప్పాడు: "పదిమంది ఒకటోది కొంటారు సార్. ముగ్గురు రెండోదానికి వస్తారు. నాలుగోది అడిగేది ఒక్కడు. ఆ ఒక్కడి కోసం తెప్పించి పెడితే వాడు అప్పటికే ఆన్‌లైన్‌లో కొనేసుంటాడు. అది నా నెత్తిన పడతాది." వ్యాపారం లెక్కలో ఆయన మాట కరెక్టే. ఏ దేశంలోనైనా సిరీస్ పుస్తకాల్లో ఒకటో భాగమే ఎక్కువ పోతుంది, తర్వాత భాగాలకి జనం రాలిపోతూ ఉంటారు. కానీ ఆ ముగ్గురిలో ఇద్దరు ఎందుకు రాలిపోయారో ఆయన ఆలోచించడం లేదు. మూడోది కోసం వచ్చి, లేదనిపించుకుని, మెట్లు దిగుతూనే ఫోన్లో ఆర్డర్ పెట్టేస్తే ఆ కుర్రాడు ఇక ఈ మెట్లు ఎందుకెక్కుతాడు? పెద్ద ఊళ్ళో అయితే ఒకచోట లేకపోతే ఇంకోచోట దొరుకుతుంది, ఇక్కడ ఆ అవకాశం లేదు. అన్ని సిరీస్‌లూ అక్కర్లేదు, బాగా పోయే రెండు మూడింటిని మొదటినుంచి చివరిదాకా వరసగా పెడితే చాలని నా అభిప్రాయం. చెప్పా కూడా. నవ్వి ఊరుకున్నాడు.

ఆర్డర్ మీద తెప్పిస్తారా అంటే తెప్పిస్తారు. వాట్సాప్‌లో పేరు, భాగం నంబరు పంపాలి, సగం డబ్బు ముందే కట్టాలి. నేను నరుటోలో ఒక భాగం అడిగితే వచ్చింది మూడు భాగాలు కలిపి కుట్టిన ఎడిషన్. అందులో రెండు నా దగ్గర ముందే ఉన్నాయి, పైగా అరలో పెడితే వీపులు కలవవు, ఒకటి లావు ఒకటి సన్నం. తిరిగి తీసుకున్నారు, అది ఒప్పుకోవాలి, కానీ డబ్బు ఇవ్వలేదు, అంత విలువకి ఇంకేదైనా తీసుకోమన్నారు. ఇంకేదైనా అంటే ఏముంది, ఒకటో భాగాలే! ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఒక్కో ఎడిషన్‌కి విడిగా ఉండే ఐఎస్‌బీఎన్ నంబరు కూడా పంపండి, అప్పుడు ఈ తిరకాసు ఉండదు.

ధర సంగతి. మాంగా ఒక్కో భాగం నాలుగు వందల నుంచి ఆరు వందల మధ్య ఉంటోంది, ఇక్కడ అడిగితే పది శాతం తగ్గిస్తారు, అడక్కపోతే తగ్గించరు. అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు కాబట్టి బిల్లులో పైన ఏమీ పడదు. ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువకే వస్తుంది, నిజమే, కానీ మూలలు నలిగి రావడం మామూలైపోయింది. ఇంకో ప్రమాదం నకిలీలు. ఆన్‌లైన్‌లోనూ రోడ్డు పక్క బళ్ళ మీదా సగం ధరకి దొరికే మాంగాల్లో చాలావరకు దొంగ అచ్చులే. నల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు, సన్నటి చుక్కల షేడింగ్ అలుక్కుపోయి ఉంటుంది, కుట్టు దగ్గర మాటల బుడగలు సగం లోపలికి పోతాయి, రెండోసారి తెరిస్తే పేజీలు ఊడొస్తాయి. ఈ షాపులో నేను చూసినంతవరకు అన్నీ అసలువే. ప్రతి సిరీస్‌లో ఒక కాపీకి పైన ప్లాస్టిక్ కవర్ తీసి తిరగేసి చూసుకోవడానికి పెట్టారు కూడా, దానికి మాత్రం చప్పట్లు కొట్టాలి, చాలా షాపుల్లో ముట్టుకుంటేనే ఉరిమి చూస్తారు.

స్టాఫ్ విషయంలో రెండు రకాలు. సాయంత్రం అయిదు తర్వాత ఒక కాలేజీ కుర్రాడు ఉంటాడు, వాడికి అన్నీ తెలుసు, నీకు ఏ సినిమాలు నచ్చుతాయని అడిగి దాన్నిబట్టి పుస్తకం చేతిలో పెడతాడు. మధ్యాహ్నం పూట కింద గైడ్లు అమ్మే పెద్దాయనే పైకి వస్తాడు. మాంగా కుడి నుంచి ఎడమకి చదవాలి కదా, అంటే మన పుస్తకానికి వెనక అట్ట ఉండేచోట వాటికి ముందు అట్ట ఉంటుంది. ఈ పెద్దాయన స్టాండ్‌లో పుస్తకాలన్నిటినీ శ్రద్ధగా తిప్పి, వెనక అట్టలు జనానికి కనబడేలా సర్దుతాడు. కుర్రాడు వచ్చి మళ్ళీ తిప్పుతాడు. రోజూ ఇదే వరస. ఒకావిడ అయితే పుస్తకం తలకిందులుగా బైండింగ్ చేశారని తిరిగిచ్చేసిందట.

ఇందులో నవ్వే విషయం కానిది ఒకటుంది. బొమ్మలున్నాయి కదా అని పెద్దవాళ్ళు ఎనిమిదేళ్ళ పిల్లలకి ఏది పడితే అది కొనిచ్చేస్తున్నారు. అటాక్ ఆన్ టైటన్‌లో రాక్షసులు మనుషుల్ని నమిలి తింటారు, ప్రచురణకర్తలే పదహారు దాటినవాళ్ళకి అని రేటింగ్ ఇచ్చారు. డెత్ నోట్ కూడా పెద్ద పిల్లలకే. వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసుకోండి. షాపులో ఈ విషయం చెప్పేవాళ్ళు ఆ కుర్రాడు తప్ప ఎవరూ లేరు. పైగా మౌస్ అనే గ్రాఫిక్ నవలని, అట్ట మీద ఎలుకలు ఉన్నాయి కాబట్టి కాబోలు, చిన్నపిల్లల అరలో డాగ్ మ్యాన్ పక్కన పెట్టారు! అది నాజీల క్యాంపుల నుంచి బతికి బయటపడిన తన తండ్రి గురించి రచయిత చెప్పిన కథ, 1992లో పులిట్జర్ ప్రత్యేక అవార్డు వచ్చిన పుస్తకం. 2022లో అమెరికాలో టెన్నెస్సీలో ఒక స్కూలు బోర్డు దాన్ని పాఠాల నుంచి తీసేస్తే, ఆ వార్త దెబ్బకి ముప్పై ఏళ్ళనాటి పుస్తకం మళ్ళీ అమ్మకాల్లో పైకి ఎక్కి కూర్చుంది. నిషేధం కూడా సినిమా లాగే పనిచేస్తుందన్నమాట. ఆ కాపీ మీద దుమ్ము చూస్తే ఇక్కడ దాకా ఆ వార్త రాలేదని తెలుస్తోంది.

మన దేశపు గ్రాఫిక్ నవలలు అసలు లేవు. ఒరిజిత్ సేన్ 1994లో నర్మద మీద వేసిన రివర్ ఆఫ్ స్టోరీస్ గానీ, అంబేద్కర్ జీవితం మీద గోండు చిత్రకారులు వేసిన భీమాయణ గానీ అడిగితే కంప్యూటర్‌లో వెతికి "ఆర్డర్ మీద" అన్నారు. ఎస్వీ యూనివర్సిటీ ఉన్న ఊళ్ళో, ఐఐటీ, ఐసర్ ఉన్న ఊళ్ళో ఇవి ఒక్కో కాపీ అయినా పెట్టకపోవడం బద్ధకమే.

తెలుగు సంగతి అడగండి మరి. క్యాష్ కౌంటర్ పక్కన తిరిగే స్టాండ్ ఒకటుంది, అమర్ చిత్ర కథ, టింకిల్. అమర్ చిత్ర కథ 1967 నుంచి వస్తోంది, అన్ని భాషల్లో కలిపి 10 కోట్ల కాపీలు దాటింది, ఇప్పటికీ ఈ షాపులో ఏడాది పొడవునా ఒకేలా అమ్ముడయ్యేది అదేనని ఓనరే చెప్పాడు. కొనేది ఎక్కువగా కొండకి వచ్చిన బయటి ఊళ్ళవాళ్ళట, బ్రహ్మోత్సవాలకి, ఎండాకాలం సెలవులకి స్టాండ్ ఖాళీ అయిపోతుందట. చంద్రగిరి కోట చూసి వచ్చి పిల్లలకి కృష్ణదేవరాయల పుస్తకం కొనేవాళ్ళూ ఉన్నారట, ఇంగ్లీషులో. స్టాండ్‌లో తెలుగువి నాలుగైదు ఉన్నాయి, తెనాలి రామకృష్ణుడితో సహా, అంతే. "తెలుగులో ఏముంది సార్ పెట్టేదానికి" అన్నాడు ఓనర్. చందమామ ఆగిపోయాక ఆ ఖాళీలోకి ఎవరూ రాలేదు, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కడుపు మండేది ఎక్కడంటే పక్కనే తమిళంలో చూసినప్పుడు. చిత్తూరులో నా ఫ్రెండ్ ఒకడున్నాడు, ఇంట్లో తమిళం, బళ్ళో తెలుగు చదివినవాడు. వాడికి శివకాశి నుంచి లయన్-ముత్తు కామిక్స్ పార్సిల్ వస్తుంది. ముత్తు 1972లో, లయన్ 1984లో మొదలయ్యాయి, ఇటలీ కౌబాయ్ టెక్స్ విల్లర్ ఈనాటికీ వాటిలో తమిళం మాట్లాడతాడు. వాళ్ళ కిటుకు పెద్దదేం కాదు, చందా ముందే కట్టించుకుంటారు, కాబట్టి పాఠకులు ఎంతమందో అచ్చు వేయకముందే తెలుస్తుంది, షాపులో నాలుగో భాగం మిగిలిపోతుందన్న టెన్షన్ ఉండదు. చిత్తూరు నుంచి వెల్లూరు గంట ప్రయాణం కూడా లేదు, అటువైపు ఉన్న అలవాటు ఇటు ఎందుకు లేదు? తమిళం చదవడం వచ్చి ఉంటే నేనూ చందా కట్టేవాణ్ణి.

మొత్తానికి అయిదుకి మూడు ఇస్తా, సాయంత్రం కుర్రాడు ఉంటే మూడున్నర. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడ డెత్ నోట్ తీసుకోండి, 12 భాగాల్లో కథ అయిపోతుంది, అన్నీ కలిపిన ఒకే లావుపాటి ఎడిషన్ కూడా ఉంది, అప్పుడు నాలుగోదాని కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు. జూన్‌లో మాత్రం వెళ్ళకండి, స్కూలు పుస్తకాల అట్టపెట్టెలు పైదాకా పేర్చి కామిక్స్ గోడ మొత్తం మూసేస్తారు. బండి షాపు ముందు పెడితే ట్రాఫిక్ వాళ్ళు ఫోటో తీస్తున్నారు, పక్క సందులో పెట్టుకోండి.