హాడ్రియన్ గోడ వెంట: బండి మీద గీత, సైకిల్ మీద రాళ్ళు

రోమన్ చక్రవర్తి హాడ్రియన్ క్రీ.శ. 122లో మొదలుపెట్టించిన గోడ ఉత్తర ఇంగ్లండ్‌ను తీరం నుంచి తీరానికి కోసుకుంటూ 117 కిలోమీటర్లు సాగింది. ఇప్పుడు కంటికి కనిపించేది అందులో కొంతే. మిగతా రాళ్ళు ఎటు పోయాయని వెతుక్కుంటూ వెళితేనే ఈ యాత్రకు అందం. మోటార్ సైకిల్ మీద వెళితే గోడ నడిచిన గీత తెలుస్తుంది. సైకిల్ మీద వెళితే ఆ రాళ్ళు ఏ చర్చిలో, ఏ కోటలో చేరాయో తెలుస్తుంది. రెండింటికీ వీలు లేకపోతే సైకిలే మేలు.

ముందు మోటార్ సైకిల్ సంగతి. బి 6318 రోడ్డును అక్కడివాళ్ళు మిలిటరీ రోడ్ అంటారు. 1745లో గద్దె పోయిన స్టూవర్ట్ రాజవంశం పక్షాన లేచిన జాకోబైట్ల తిరుగుబాటు సైన్యం కార్లైల్‌ను పట్టుకుంటే, న్యూకాజిల్‌లో ఉన్న జనరల్ వేడ్ ప్రభుత్వ సేన సరైన దారి లేక మంచులో ఇరుక్కుపోయి సాయానికి చేరలేకపోయింది. ఫిరంగులు లాక్కెళ్ళగల రోడ్డు కావాలని 1750లలో దీన్ని వేశారు. అందుకు గోడను పడగొట్టి, ఆ రాళ్ళనే పునాదిగా పరిచారు. అంటే హెడన్-ఆన్-ద-వాల్ నుంచి పడమరకు పోతుంటే చాలా దూరం మన చక్రాల కిందే గోడ ఉంటుంది. కుడివైపు పొలంలో కనిపించే పల్లం రోమన్ల కందకం, ఎడమవైపుది వాలమ్ అనే రెండో కందకం. ఈ రెండూ గుర్తుపట్టగలిగితే, రాయి ఒక్కటీ కనపడకపోయినా గోడ ఎక్కడుందో చెప్పేయొచ్చు. సూయింగ్‌షీల్డ్స్ దగ్గర రోడ్డు గోడను వదిలేస్తుంది. గోడ కొండ అంచుకు ఎక్కుతుంది, రోడ్డు కింద మైదానంలో ఉండిపోతుంది.

హెడన్ నుంచి గ్రీన్‌హెడ్ దాకా సుమారు 50 కిలోమీటర్లు. గూగుల్ చెప్పే సమయాన్ని బట్టి గంటలో అయిపోతుందనుకుంటే పొరపాటు, రోజంతా పెట్టుకోవాలి. రోడ్డు తిన్నగా, ఖాళీగా కనిపించడమే ఇక్కడి ప్రమాదం. అలల్లా లేచి పడుతుంది కాబట్టి ఎదురుగా వచ్చే కారు మొత్తం ఒక పల్లంలో దాక్కుంటుంది. దూరంగా రోడ్డు కనపడుతోంది కదా అని ఓవర్‌టేక్ చేయొద్దు, మధ్యలో ప్రతి అడుగూ కనిపిస్తేనే చేయాలి. చట్టం గంటకు 60 మైళ్ళు, అంటే 96 కిలోమీటర్లు అనుమతిస్తుంది. దిబ్బల దగ్గర 45 మైళ్ళు దాటకపోవడం మంచిది. ట్రాక్టర్లు రాల్చిన బురద, రోడ్డు మీదికొచ్చే గొర్రెలు, గుర్రం మీద వెళ్ళేవాళ్ళు మామూలే. గుర్రం కనపడితే బాగా నెమ్మదించి, హారన్ కొట్టకుండా, ఎడం వదిలి దాటాలి.

ఇండియా నుంచి పర్యాటకులుగా వెళ్ళేవాళ్ళు లైసెన్సులో మోటార్ సైకిల్ నమోదై ఉంటే, దేశంలో అడుగుపెట్టిన నాటి నుంచి 12 నెలలు దానితోనే నడపొచ్చు. వయసు, అనుభవం విషయంలో అద్దె సంస్థలకు సొంత షరతులుంటాయి, వాటిని విడిగా అడగాలి. ఐఎస్ఐ గుర్తున్న మన హెల్మెట్ అక్కడ చెల్లదు. ఈసీఈ అనే యూరప్ ప్రమాణం 22.05 గానీ, కొత్తదైన 22.06 గానీ ఉండాలి. పెట్రోలు హెక్సమ్‌లోనో హాల్ట్‌విజిల్‌లోనో పోయించుకుని కొండదారి ఎక్కండి. పంపుల్లో మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది. పాతకాలపు బండి అయితే ఈ5 అని రాసి ఉన్న సూపర్ పోయించాలి, లేకపోతే రబ్బరు గొట్టాలు, సీళ్ళు పాడవుతాయి.

హౌస్‌స్టెడ్స్ కోటకు పార్కింగ్ నుంచి సుమారు 800 మీటర్లు ఎక్కాలి. మోటార్ సైకిల్ బూట్లతో అది శిక్షే, మామూలు బూట్లు ఒక జత డిక్కీలో వేసుకోండి. ఎక్కాక మాత్రం ఆగ్నేయ మూలనున్న సైనికుల మరుగుదొడ్లు తప్పక చూడాలి. నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోయేవో కాలువలు ఇప్పటికీ చెబుతున్నాయి.

ఎక్కడికి ఏ చక్రం పోవచ్చో బాణం గుర్తుల రంగును బట్టి తెలుసుకోవాలి. పసుపుది కాలిబాట, సైకిల్ కూడా తొక్కకూడదు. నీలం బాణమున్న దారిలో సైకిల్, గుర్రం వెళ్ళొచ్చు. ఎరుపు బాణమున్న బైవేలోకే మోటార్ సైకిల్ పోవచ్చు. గోడ పక్కనే సాగే 84 మైళ్ళ నడకదారి మీద సైకిల్ తొక్కొద్దు. చక్రాల జాడలో నీళ్ళు దిగితే, ఆ గడ్డి కింద ఇంకా తవ్వని పురావస్తు పొరలు చెడిపోతాయి.

సైకిల్‌కు వేరే దారి ఉంది, జాతీయ సైకిల్ మార్గం 72. మొత్తం రేవన్‌గ్లాస్ నుంచి సౌత్ షీల్డ్స్ దాకా సుమారు 170 మైళ్ళు. గోడ కోసమే వెళ్ళేవాళ్ళకు బోనెస్-ఆన్-సాల్వే నుంచి చాలు, నాలుగు రోజుల పని. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి తూర్పుకే తొక్కండి. బోనెస్‌కు రైలు లేదు, కార్లైల్‌లో దిగి 24 కిలోమీటర్లు ఎదురుగాలిలో వెళ్ళాలి. కార్లైల్–న్యూకాజిల్ లైనులో సైకిళ్ళకు చోటు తక్కువ, ముందొచ్చినవాళ్ళకే. లండన్ నుంచి న్యూకాజిల్ రైలుకైతే టికెట్‌తోపాటే సైకిల్ చోటూ బుక్ చేసుకోవాలి.

బోనెస్, బర్గ్ ఊళ్ళ మధ్య రోడ్డు ఉప్పు చిత్తడి మీదుగా పోతుంది. పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రం రోడ్డు మీదికి వస్తుంది. పోటు పట్టిక చూడకుండా బయలుదేరొద్దు. ఆ చిత్తడిలోనే 1307 జూలై 7న ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ I చనిపోయాడు. బర్గ్ చర్చి బురుజును శత్రువుల దాడికి తట్టుకునేలా కట్టారు, అందులో ఉన్నవి గోడ రాళ్ళే. మర్నాడు చేరే లానర్‌కాస్ట్ ప్రయరీ అనే పాత క్రైస్తవ మఠం కూడా అంతే. 1306–07 చలికాలం ఆ రాజు జబ్బుతో మంచం పట్టింది అక్కడే. పడమటి నుంచి తొక్కేవాళ్ళకు రాజు చావు ముందు, జబ్బు తర్వాత ఎదురవుతాయి.

లానర్‌కాస్ట్ దాటగానే బ్యాంక్స్ అనే ఊరికి ఎక్కుడు దారి. బరువు మోస్తున్న సైకిల్‌కు గేర్లలో ముందు చిన్న పళ్ళచక్రానికి 34 పళ్ళుంటే వెనుక పెద్ద పళ్ళచక్రానికి కనీసం 34 ఉండాలి. టైరు 35 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. కంచెలు కత్తిరించే పని ఆగస్టు అయ్యాక మొదలవుతుంది. ఆ తర్వాత ఇరుకు రోడ్ల మీద ముళ్ళు పరుచుకుని ఉంటాయి. సెప్టెంబరులో వెళ్ళేవాళ్ళు రెండు ట్యూబులు, ప్యాచీలు పెట్టుకోవాలి. కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీసేయండి, లేకపోతే అదే ముల్లు దాన్నీ పొడుస్తుంది. పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా పెట్టిన ఇనుప కడ్డీల మీద, ముఖ్యంగా వానలో, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు పట్టకుండా తిన్నగా పోవాలి.

టికెట్ పెట్టి చూడాల్సినవాటిలో ఒక్కటే ఎంచుకోమంటే విండోలాండా అనే రోమన్ కోట. గాలి చొరబడని తడి మట్టి అక్కడ చెక్కను, తోలును దాచింది. 1973లో దొరకడం మొదలైన చెక్క పలకలు మన తాటాకుల్లాంటివే. కాకపోతే గంటంతో గీసినవి కావు, సిరాతో రాసినవి. ఒక కోట అధికారి భార్య క్లాడియా సెవెరా, స్నేహితురాలు లెపిడినాను సెప్టెంబరు 11న తన పుట్టినరోజుకు రమ్మని సుమారు క్రీ.శ. 100లో రాసింది. చివరి పంక్తులు సొంత చేతిరాత, అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి. ఒక స్త్రీ చేత్తో రాసిన లాటిన్‌లో మనకు దక్కిన తొలి నమూనాల్లో ఇదొకటి. పలకలు చాలావరకు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని ఇక్కడ చూపిస్తారు. విండోలాండాను వేరే ట్రస్టు నడుపుతోంది, అందుకే చారిత్రక కట్టడాలు చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ పాస్ చెల్లదు. హౌస్‌స్టెడ్స్, చెస్టర్స్, బర్డోస్వాల్డ్, కార్‌బ్రిడ్జ్, లానర్‌కాస్ట్‌లకు చెల్లుతుంది. ఈ ఐదింటిలో మూడు చూసేవాళ్ళు పాస్ ధరను విడి టికెట్లతో పోల్చి చూసుకోండి.

బసకు సైకిల్ వాళ్ళు వన్స్ బ్రూడ్ దగ్గర సిల్ యూత్ హాస్టల్ చూడొచ్చు. వంటగది ఉంది, కుక్కర్ లేకపోయినా గిన్నెలో అన్నం వండుకోవచ్చు. పల్లెటూరి పబ్బుల్లో చాలాచోట్ల మధ్యాహ్నం రెండు దాటితే సాయంత్రం ఆరు దాకా వంట ఉండదు, శాకాహారులు సంచిలో తిండి పెట్టుకోవాల్సిందే. మోటార్ సైకిల్ వాళ్ళకు హెక్సమ్ అనువు. ఎక్కడ దిగినా ముందుగా రెండు అడగండి: సైకిళ్ళకు తాళం వేసే గది ఉందా, తడి బట్టలు ఆరేసే గది ఉందా. కొండ మీద ఫోన్ సిగ్నల్ నమ్మలేం, ఆర్డ్నెన్స్ సర్వే ఓఎల్ 43 మ్యాపు జేబులో ఉండాలి.

హెక్సమ్‌లో అబ్బే కింది గదిని వదలొద్దు. 674 ప్రాంతంలో బిషప్ విల్‌ఫ్రిడ్ కట్టించిన ఆ గది మొత్తం కార్‌బ్రిడ్జ్ నుంచి తెచ్చిన రోమన్ రాళ్ళే. ఇరుకు నడవ పైకప్పులో ఒక శాసనపు రాయి ఉంది. చక్రవర్తి సెవెరస్, ఆయన కొడుకుల పేర్లున్న ఆ రాతిలో చిన్న కొడుకు గేటా పేరును ఉలితో చెక్కేశారు. 211లో అన్న కారకల్లా అతన్ని చంపించాక వచ్చిన ఆజ్ఞ అది. టార్చి పక్కవాటుగా పట్టుకుంటే, అక్షరాలు పోయిన చోట గరుకు మచ్చ కనిపిస్తుంది. ఆ గదిని నిర్ణీత వేళల్లోనే తెరుస్తారు, సమయం కనుక్కుని రోజు ప్రణాళిక వేసుకోండి.

హెక్సమ్ నుంచి దారి దాదాపు చదును. వైలమ్‌లో 1781లో పుట్టిన జార్జ్ స్టీఫెన్‌సన్ ఇల్లు దారి పక్కనే ఉంటుంది. న్యూకాజిల్ దాటాక 1951లో తెరిచిన టైన్ సొరంగంలో సైకిళ్ళకు ప్రత్యేక గొట్టం ఉంది, నది కింద నుంచి జారోకు చేరుస్తుంది. లిఫ్టులు పనిచేస్తున్నాయో లేదో ఆ ఉదయమే చూసుకోండి. ఆగిపోయి ఉంటే నార్త్ షీల్డ్స్ పడవ సైకిళ్ళను ఎక్కించుకుంటుంది. జారోలో సెయింట్ పాల్ చర్చి ప్రతిష్ఠ శిలకు 685 ఏప్రిల్ 23 తేదీ. ఆ శిల కనపడాలంటే లోపలికి వెళ్ళాక టవర్ కింద తోరణం మీద తల పైకెత్తి చూడాలి.