చిన్న కారుకు 205 టైర్లు: రెండు వానాకాలాలు తిప్పాక

నాది సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్. కంపెనీ ఇచ్చిన టైరు సైజు 185/65 ఆర్15, అంటే వెడల్పు 185 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, లోపలి చక్రం 15 అంగుళాలు. నా చేతికొచ్చేసరికే పాత ఓనరు 205/65 ఆర్15 టైర్లు వేయించి, బయట కొన్న అల్లాయ్ చక్రాలు బిగించేశాడు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్టుమెంటు వాచ్‌మన్ దగ్గర్నుంచి మా బావమరిది దాకా మెచ్చుకోనివాళ్ళు లేరు. బేస్‌మెంట్‌లో స్టీరింగ్ మొత్తం తిప్పితే తప్ప అసలు సంగతి తెలియదు. ముందు టైరు లోపలెక్కడో గరగరమని రాసుకుంటుంది.

ముందు మంచి చెబుతా. 185/65 టైరు ఎత్తు దాదాపు 621 మిల్లీమీటర్లు, 205/65ది 647. అందులో సగం, అంటే 13 మి.మీ., బండి పైకి లేచినట్టే. ఎవరు వేశారో తెలియని మా వీధి స్పీడ్‌బ్రేకర్లకు పొట్ట తగలడం మానేసింది. గుంతల్లో దెబ్బ మెత్తబడింది. అనంతపురం వెళ్ళేటప్పుడు హైవే మీద బండి కుదురుగా పోతుంది. సిగ్నల్ దగ్గర లాగడం మాత్రం మందగించింది. మైలేజీ పడిపోయిందని కంగారుపడేవాళ్ళు ఒక లెక్క గుర్తుంచుకోవాలి: ఈ టైరు ఒక్కో చుట్టుకు నాలుగు శాతం ఎక్కువ దూరం దొర్లుతుంది. ఓడోమీటరుకు ఆ సంగతి తెలియదు, పాత లెక్కే రాసుకుంటూ పోతుంది.

ఇక రాపిడి. మలుపులో ముందు చక్రాల దగ్గర వచ్చే మోతలన్నీ ఒకటి కావు, చాలామంది అన్నిటికీ అలైన్‌మెంట్ చేయించి డబ్బు వదిలించుకుంటారు. నున్నటి ఎపాక్సీ రంగు వేసిన బేస్‌మెంట్ నేల మీద కీచుమంటే అది జబ్బు కాదు. కళ్ళంలో బంతి కట్టి తోలేటప్పుడు రాటకు దగ్గరున్న ఎద్దు చిన్న చుట్టు, చివరనున్నది పెద్ద చుట్టు తిరుగుతాయి కదా, మలుపులో ముందు చక్రాలదీ అదే పరిస్థితి. అందుకే మలుపు లోపలివైపు చక్రం బయటిదానికంటే ఎక్కువ కోణంలో మళ్ళేలా స్టీరింగ్ కడ్డీలు అమరుస్తారు. గుర్రపు బగ్గీల కోసం ఈ అమరికకు 1818లో ఇంగ్లండులో రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన మాత్రం మ్యూనిక్‌లో బగ్గీలు చేసే లాంకెన్‌స్పెర్గర్‌ది. పేరు ఆకర్‌మన్‌కే మిగిలింది! హైవే వేగానికీ పార్కింగు మలుపుకూ రెంటికీ సరిపడేలా రాజీపడి చేస్తారు కాబట్టి, స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు టైరు కాస్త పక్కకు జారక తప్పదు. టైరు ఎంత వెడల్పైతే ఆ జారుడు అంత తెలుస్తుంది. చలిదేశాల్లో వెడల్పాటి వేసవి టైర్లున్న కార్లు ఏడు డిగ్రీల కింద రబ్బరు బిగుసుకుని, పార్కింగులో తిప్పితే ఎగిరెగిరి పడతాయి. బెంగళూరులో డిసెంబరు తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది, మనకా బాధ లేదు. పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ జీపులో లివరు 4హెచ్‌లో (నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పే గేరు) మరిచిపోయి పొడి రోడ్డు మీద యూ-టర్ను కొట్టినా చక్రాలు గెంతుతాయి, అది వేరే కథ. టక్ టక్ టక్‌మని లెక్కగా మోగితే సీవీ జాయింటు (మళ్ళే చక్రానికి ఇంజను తిప్పుడు అందించే కీలు), దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూడండి.

నాది గరగర. మా మెకానిక్‌ది హిందూపురం వైపు. టైరు అంచంతా సుద్దముక్కతో గీసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పించి, బండిని ముందుకూ వెనక్కూ మెల్లగా నడిపించాడు. మట్టి పట్టిన మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ లైనరు మీద అరచేతంత మేర నున్నగా మెరుస్తోంది, సుద్ద సరిగ్గా అక్కడే అంటింది. "అందురూ టైరు లావైందంటారు సార్. చక్రం బయటికొచ్చిందని ఎవురూ చూడరు" అంటూ చక్రం విప్పి వెనకవైపు చూపించాడు. అల్లాయ్ మీద ఈటీ35 అని పోత పోసి ఉంది. ఈటీ అంటే ఆఫ్‌సెట్: చక్రం బండికి బిగిసే ముఖం దాని నడిమి గీతకు ఎన్ని మి.మీ. బయటివైపు ఉందో చెప్పే అంకె. ఈ మోడల్‌కు కంపెనీ ఇచ్చేది ఈటీ45. ఆ అంకె ఎంత తగ్గితే చక్రం అంత బయటికి వస్తుంది, ఇక్కడ 10 మి.మీ. టైరు వెడల్పు వల్ల ఇంకో 10. అంటే టైరు బయటి అంచు ఉండాల్సిన చోటుకంటే 20 మి.మీ. అవతల ఉంది. తిరిగేటప్పుడు అది గీసే చుట్టు పెద్దదై బంపరు మూలనూ, డోరువైపు లైనరునూ తాకుతుంది. స్టీరింగ్ బరువెక్కి, గతుకుల్లో చేతిలోంచి లాక్కున్నట్టు ఉండటానికీ కొంత కారణం అదే.

ఒక టైరు షాపులో లైనరు కోసేద్దామన్నారు. వానాకాలంలో ఆ బురదంతా వైరింగు మీదికి కొడుతుంది, నేనొప్పుకోలేదు. స్టీరింగ్ ర్యాకు చివర వాషర్లు వేసి తిరుగుడు తగ్గించొచ్చు కానీ, యూ-టర్నులతోనే బతికే ఈ ఊళ్ళో ఒక్క అడుగు తగ్గినా ఆటోలు వెనక నుంచి హారన్లతో చంపేస్తాయి. బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్డులో వాడిన కంపెనీ ఉక్కు చక్రాలు కొని, అవే 205 టైర్లు వాటికెక్కించా. మామూలు మలుపుల్లో గరగర పోయింది. అల్లాయ్‌లు పోయినందుకు బాధపడింది బావమరిది ఒక్కడే. ర్యాంపు దిగుతూ బ్రేకు తొక్కి తిప్పితే మాత్రం ముందుభాగం కుంగి టైరు మళ్ళీ తగిలేది, మనుషులు నిండా ఉంటే ఇంకాస్త గట్టిగా. టైర్లు అరిగేకొద్దీ అదీ సన్నగిల్లింది. కొత్త టైరుకు దాదాపు 8 మి.మీ. ట్రెడ్ (గాళ్ళ లోతు) ఉంటుంది, మన చట్టం 1.6 దాకా ఒప్పుకుంటుంది, ఆ తేడా కూడా అక్కరకొచ్చే ఇరుకు అది.

ఈసారి 195/65 వేయించా. ఎత్తు కంపెనీ 185 కంటే రెండు శాతమే ఎక్కువ, నిండు బండితో ర్యాంపు దిగినా ఎక్కడా తాకడం లేదు. గుంతల్లో 205 ఇచ్చిన మెత్తదనంలో కొంత పోయింది, నాకది పెద్ద నష్టంగా అనిపించలేదు. అల్లాయ్‌లు కావాలనుకునేవాళ్ళు రంగూ డిజైనూ తర్వాత చూసుకోండి, ముందు వెనక్కి తిప్పి ఈటీ అంకె చదవండి.

స్టెప్నీ ఇంకా 185దే. ముందు చక్రం పంక్చరైతే వెనక చక్రం తెచ్చి ముందు వేసి, స్టెప్నీని వెనక బిగిస్తున్నా. ఇంజను తిప్పేది ముందు చక్రాలను కాబట్టి, అక్కడ ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే తిన్నగా పోయేటప్పుడు కూడా డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) అరుగుతూనే ఉంటుంది. జాకీ రెండుసార్లు ఎత్తాలి, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది.