పపైన్ పొడి: ఏళ్ల తరబడి వాడాక తేలిన మంచీ చెడూ

బొప్పాయి పాల నుంచి తీసే, ప్రోటీన్లను కోసే ఎంజైము పపైన్ మీద ప్రయోగశాలల్లో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటే: ‘ప్రోటీన్లను సరిగా కోయడం లేదు’. చాలాసార్లు తప్పు పొడిది కాదు. సీసాలోని ఎంజైములో చాలా భాగం నిద్రాణంగా ఉంటుంది, దాన్ని లేపకుండానే వాడేస్తారు.

కారణం దాని నిర్మాణంలోనే ఉంది. 212 అమైనో ఆమ్లాల గొలుసు రెండు ముద్దలుగా మడతపడుతుంది, వాటి నడుమ లోతైన గాడి. గాడికి ఒక పక్క 25వ స్థానపు సిస్టీన్ (గంధకమున్న అమైనో ఆమ్లం), ఎదుటి పక్క 159వ స్థానపు హిస్టిడిన్ అనే మరో అమైనో ఆమ్లం. ఉన్న 7 సిస్టీన్లలో 6 జతజతగా, గంధకం-గంధకం కలిసే డైసల్ఫైడ్ బంధాల్లో చిక్కుకుని ఉంటాయి; కోత పనంతా మిగిలిన ఆ ఒక్కదానిదే. చెట్టులో తయారైనప్పుడు 107 అమైనో ఆమ్లాల ముందుభాగం గాడికి అడ్డుపడి ఉంటుంది. ఆమ్ల మాధ్యమంలో అది తెగిపోతుంది. పొడి మన చేతికొచ్చేసరికి ఆ తాళం ఎప్పుడో ఊడి ఉంటుంది. మనం తీయాల్సింది రెండోది: గాలి తగిలి ఆ సిస్టీన్‌కు అంటుకున్న గంధకపు బంధం.

బయటి నుంచి విడిగా సిస్టీన్ కలిపితే అది ఆ బంధాన్ని విడదీస్తుంది. మాకు నమ్మకంగా పనిచేసిన పద్ధతి ఇది. 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో 5 మిల్లీమోలార్ సిస్టీన్ హైడ్రోక్లోరైడ్, 2 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహాలను పట్టి ఉంచే రసాయనం) కలిపి, ఆ తర్వాతే పీహెచ్ 6.5కు సరిచేయాలి. సిస్టీన్ హైడ్రోక్లోరైడ్ ఆమ్లం కాబట్టి ముందే సరిచేస్తే లాభం లేదు. ఎంజైము వేసి 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాలి. సిస్టీన్ ఏ రోజుకారోజు కలుపుకోవాల్సిందే. నిలవ ద్రావణంలో అడుగున తెల్లటి స్ఫటికాలు కనిపిస్తే అది సిస్టిన్‌గా (రెండు సిస్టీన్లు జతకట్టిన రూపం) మారిపోయినట్టే, పారబోయండి. ఈడీటీఏ మానేస్తే రాగి లాంటి లోహాల జాడలు సిస్టీన్‌ను త్వరగా పాడుచేస్తాయి. లేపిన ద్రావణం తనను తానే కోసుకుంటుంది. మంచు మీద ఉంచి ఆ రోజే వాడేయాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలి బాగా ఆక్సీకరణమైన ఎంజైమును మాత్రం ఏ సిస్టీనూ లేపలేదు.

యాంటీబాడీలను ముక్కలు చేసేటప్పుడు ఇంకో చిక్కు: సిస్టీన్ ఎక్కువైతే యాంటీబాడీ గొలుసుల మధ్య ఉండే డైసల్ఫైడ్ బంధాలూ విడిపోతాయి. అక్కడ దాని మోతాదు తగ్గించాలి. సిస్టీన్ గంధకానికి అతుక్కుని అడ్డుపడే అయోడోఅసిటమైడ్‌తో చర్య ఆపేవారు ద్రావణంలోని మొత్తం సిస్టీన్‌ను లెక్కలోకి తీసుకోవాలి. తక్కువ వేస్తే అదంతా సిస్టీన్‌కే ఖర్చయి, కోత సాగుతూనే ఉంటుంది. ఈ-64 నిరోధకం ఇక్కడ మేలు, విడి సిస్టీన్ లాంటి చిన్న థయాళ్లతో (గంధకపు సమ్మేళనాలతో) అది పెద్దగా చర్య జరపదు.

మరో గొప్ప ఉపయోగం: ఈ-64 మేలుకున్న ఎంజైముకు అణువుకు అణువు చొప్పున అతుక్కుంటుంది. దాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, బీఏపీఎన్ఏ (ఎంజైము కోస్తే రంగు వదిలే పదార్థం) నుంచి వచ్చే పసుపు రంగును 410 నానోమీటర్ల వద్ద కొలిస్తే, నిజంగా మేలుకున్న ఎంజైము ఎంతో తేలుతుంది. సీసా మీది యూనిట్ల కంటే మాకు ఈ అంకె మీదే గురి.

ముడి పొడిలో కైమోపపైన్, కారికైన్ అనే వేరే ఎంజైములు కూడా కలిసి ఉంటాయి. పెద్ద మొత్తంలో ప్రోటీన్‌ను కరిగించడానికి అది చాలు, యాంటీబాడీ పనికి శుద్ధి చేసిన రకమే కావాలి. పెప్టైడ్ల పటం గీయడానికి (ప్రోటీన్ ఏయే ముక్కలుగా తెగిందో చూడటానికి) మాత్రం రెండూ వద్దు, పపైన్ మరీ ఎక్కువ చోట్ల కోస్తుంది. ఆ పనికి కొన్ని చోట్లే కోసే ట్రిప్సిన్ అనే ఎంజైము ఉంది.