పాత ఫైబర్ పడవ: ఇంజనుతో కలిపి అమ్మాలా, విడదీసి అమ్మాలా?

సముద్రంలో చేపల వేట నిషేధానికి ముందు, అంటే ఏటా ఏప్రిల్ 15 దగ్గరపడే కొద్దీ, పాత పడవ అమ్మదలచిన వారు నన్ను అడిగే ప్రశ్న ఇదే. ఉప్పాడ తీరంలో ఈ మధ్యే మా ఫైబర్ పడవను అమ్మాను కాబట్టి, రెండు దారులనూ తూచి చూసిన మీదటే ఈ మాటలు రాస్తున్నాను.

విడదీసి అమ్మడంలో లాభం లేకపోలేదు. చిన్న అవుట్‌బోర్డు ఇంజను, అంటే పడవ వెనుక బయటివైపు తగిలించేది, రెండు బిగింపు మరలు విప్పితే ఊడి వస్తుంది, ఆటోలో వేసుకుని ఏ ఊరికైనా తీసుకుపోవచ్చు, కాబట్టి దానికి కొనేవాళ్లు తొందరగా దొరుకుతారు. ఇంజను కొత్తదై, పడవ మాత్రం అతుకుల మీద అతుకులు పడినదైతే, విడదీయడమే మేలు. అయితే ఇంజను పోయాక ఒడ్డున మిగిలిన ఒట్టి పడవను చూసి, అది వదిలించుకునే సరుకని గ్రహించిన ప్రతివాడూ ధర తగ్గించే అడుగుతాడు.

నా దృష్టిలో బేరాన్ని తేల్చేది నీటి మీద పరీక్ష. డ్రమ్ములో నీళ్లు పోసి ఇంజను ఆడిస్తే, అది స్టార్టవుతుందనీ, పక్కనుంచి చల్లబరచే నీటి ధార చిమ్ముతోందనీ మాత్రమే తెలుస్తుంది. పిస్టన్ రింగులు అరిగాయా, బరువు మీద ఊపిరి ఆగిపోతుందా అన్నది నలుగురిని ఎక్కించుకుని అలలకు ఎదురు నడిపితేనే బయటపడుతుంది. పడవకైనా పరీక్ష అదే. ఇంజను బిగించే అమరం, అంటే పడవ వెనుక భాగం, లోపలి చెక్కలోకి ఉప్పునీరు చేరి మెత్తబడి ఉంటే, నిండు వేగంలో ఇంజను వెనక్కీ ముందుకూ ఊగుతుంది, పైన ఎంత రంగు వేసినా అది దాగదు. మా పడవ చూడవచ్చిన కుర్రవాడు అరగంటసేపు అమరం మీద అరచెయ్యి ఆనించి కూర్చుని, చివరికి "గట్టిగానే ఉంది బాబాయ్" అన్నాడు. ఆ తరువాత ధర మీద పెద్దగా పట్టుబట్టలేదు. ఇంజనును ముందే అమ్మేసి ఉంటే ఆ మాట అతనితో అనిపించడానికి నాకు మార్గమే ఉండేది కాదు. అందుకే కలిపి అమ్మడం వైపే నేను మొగ్గుతాను, అదీ నిషేధానికి ముందే, మార్చి నెలలోనే. నిషేధం మొదలయ్యాక, అది ముగిసే జూన్ 14 దాకా ఈ పరీక్షకు వీలుండదు.

ధర కట్టేటప్పుడు అదే కొలతల కొత్త పడవ, అదే శక్తి గల కొత్త ఇంజను ఈరోజు ఎంతకు వస్తాయో విచారించి, అక్కడి నుంచి దిగిరావాలి. పడవ విలువ మెల్లగా తరుగుతుంది. ఇంజను విలువ అది ఎన్ని గంటలు ఆడిందో, ప్రతి వేట తరువాత మంచినీటితో కడిగారో లేదో చూసుకుని తరుగుతుంది. అతుకులను ముందే చూపించండి, అమ్మే ముందు కొత్త రంగు వేయకండి, వేస్తే కొనేవారికి అనుమానమే కలుగుతుంది. వలలకు ధర వేరుగా మాట్లాడుకోండి.

దళారికి అప్పగించడం, ఇంజను దుకాణంలో మార్పిడి చేసుకోవడం వంటివి డబ్బు అత్యవసరమైనవారికి పనికొస్తాయి, అంతకు మించి వాటి గురించి చెప్పేదేమీ లేదు.

ఎవరికి అమ్మినా, మత్స్యశాఖ దగ్గర నమోదైన పడవను కొన్నవారి పేరుకు మార్పించేదాకా చివరి వాయిదా సొమ్ము తీసుకోకండి, ఎందుకంటే కాగితాల్లో మీ పేరు ఉన్నంతకాలం ఆ పడవ చేసే తప్పుకు అధికారులు వెతికేది మిమ్మల్నే.