పిల్లల అలర్జీకి ‘అన్నింటికీ ఒకే సీసా’ చుక్కలు: ప్యాకేజీ కట్టేముందు ఇది చదవండి

పాలు, గుడ్డు, వేరుశనగ, డస్ట్ మైట్ (ఇంటి దుమ్ములో ఉండే, కంటికి కనిపించని పురుగు), బొద్దింక, వయ్యారిభామ పుప్పొడి... ఇలా పదీ పదిహేను పేర్లున్న రిపోర్టు చేతిలో పెట్టి, అన్నింటికీ కలిపి ఒకే సీసాలో నాలుక కింద చుక్కలు ఇస్తామంటూ మూడేళ్ల డబ్బు ముందే కట్టించుకునే ప్యాకేజీలు ఉన్నాయి. దయచేసి కట్టకండి. నాలుక కింద వేసే ఇమ్యునోథెరపీ (అలర్జీ తెచ్చే పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేయడం) మంచి వైద్యమే. డస్ట్ మైట్, కొన్ని పుప్పొళ్ల వల్ల వచ్చే జలుబు, తుమ్ములకు పిల్లల్లో బాగా పనిచేస్తుంది, కనీసం మూడేళ్లు వాడాలన్నదీ నిజమే. అమ్మే పద్ధతిలోనే మోసం ఉంది.

ముందు ఆ రిపోర్టు చూడండి. ‘ఐజీజీ’ లేదా ‘ఐజీజీ4’ ఫుడ్ ప్యానెల్ (తిన్న ఆహారానికి రక్తంలో తయారయ్యే యాంటీబాడీల లెక్క) అని ఉంటే అది అలర్జీ పరీక్ష కాదు. బిడ్డ ఏం తింటోందో అది చెబుతుంది, అంతే. దాన్ని అలర్జీ నిర్ధారణకు వాడొద్దని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే చెప్పింది. చూడాల్సింది స్పెసిఫిక్ ఐజీఈ (అలర్జీ యాంటీబాడీని కొలిచే రక్తపరీక్ష), లేదా స్కిన్ ప్రిక్ టెస్ట్ (చర్మం మీద అలర్జీ పదార్థాల చుక్కలు వేసి, సూదితో గిచ్చి చూసే పరీక్ష). ప్రిక్ టెస్ట్‌కి ఐదారు రోజుల ముందునుంచి డాక్టర్ చెప్పినట్టు సిట్రిజిన్ లాంటి అలర్జీ మందులు ఆపాలి. పరీక్ష సరిగ్గా జరిగిందనడానికి హిస్టమిన్ (దద్దు తెప్పించే రసాయనం) చుక్క దగ్గర దద్దు లేవాలి, ఉత్త సెలైన్ దగ్గర లేవకూడదు. పదిహేను ఇరవై నిమిషాల తర్వాత అలర్జీ పదార్థం చుక్క దగ్గర సెలైన్ చుక్క కన్నా కనీసం 3 మి.మీ. పెద్ద దద్దు లేస్తేనే పాజిటివ్. అప్పుడు కూడా అది తగిలినప్పుడు పిల్లకి నిజంగా ఇబ్బంది వస్తుంటేనే వైద్యం. రిపోర్టులో పాజిటివ్ వచ్చిన ప్రతిదానికీ చుక్కలు అక్కర్లేదు.

ఇక సీసా సంగతి. 5 మి.లీ. సీసాలో పది రకాల ఎక్స్‌ట్రాక్ట్ (అలర్జీ పదార్థం నుంచి తీసిన సారం) అర మి.లీ. చొప్పున పోస్తే, ఒక్కోటి పదో వంతుకు పలచబడుతుంది. నాలుక కింద పద్ధతికి ఇంజెక్షన్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు కావాలి కాబట్టి, ఆ పదో వంతు వేసినా వేయనట్టే. పైగా బొద్దింక, బూజు ఎక్స్‌ట్రాక్టుల్లోని ఎంజైములు పక్కనున్న పుప్పొడి ప్రొటీన్లను విరిచేస్తాయి. అందుకే తెలిసిన డాక్టర్ పిల్లాణ్ణి ఎక్కువ బాధపెట్టే ఒకటి రెండింటినే ఎంచుకుంటారు. పాలు, గుడ్డు, వేరుశనగ చుక్కలైతే ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. వాటిని ఇంట్లో వేయమని కొరియర్‌లో పంపడం ప్రాణాలతో ఆడుకోవడమే.

లేబుల్ మీద ‘మిక్స్-1’ అని పెన్నుతో రాసి ఉంటే వెనక్కిచ్చేయండి. ఏయే అలర్జెన్లు (అలర్జీ తెచ్చే పదార్థాలు), ఎంత గాఢత, తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్, గడువు తేదీ, అన్నీ అచ్చులో ఉండాలి. 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాల్సిన మందిది, గడ్డకట్టినా చెడుతుంది. మే నెల ఎండలో ఐస్ ప్యాక్ లేకుండా రెండు రోజులు తిరిగొచ్చిన సీసాను నమ్మలేం.

మొదటి మోతాదు క్లినిక్‌లోనే వేసి, అరగంట కూర్చోబెట్టి చూడాలి. చుక్కలు నాలుక కింద ఒకటి రెండు నిమిషాలు ఉంచి మింగాలి, ఆపై ఐదు నిమిషాలు తిండీ నీళ్లూ వద్దు. మొదటి వారాల్లో నోరు, పెదాలు, చెవులు దురద పెట్టడం మామూలే. గొంతు బిగుసుకున్నా, పిల్లికూతలు వచ్చినా, ఆగకుండా వాంతులైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి (కిలోకు 0.01 మి.గ్రా.), సిట్రిజిన్ దానికి బదులు కాదు. మింగుతుంటే నొప్పి, అడ్డుపడినట్టు ఉంటే చుక్కలు ఆపి డాక్టర్‌కు చెప్పండి. ఉబ్బసం అదుపులో లేని పిల్లలకు అసలు మొదలుపెట్టకూడదు. నోట్లో పుండు, పన్ను తీయించడం, ఆయాసం ఉన్న రోజుల్లో ఆపాలి. వారం దాటి మానేస్తే, పాత మోతాదుతోనే మళ్లీ మొదలెట్టకుండా అడగండి. ఇవేవీ చెప్పకుండా సీసా చేతికిస్తే అది వైద్యం కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట: అక్కడ ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) అనుమతి ఉన్నది గడ్డి, రాగ్‌వీడ్ (ఒక కలుపు మొక్క) పుప్పొడి, డస్ట్ మైట్ మాత్రలకే. చుక్కలకు లేదు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు బిల్లు, సీసా, లేబుల్ ఫొటోలు దాచుకోండి. డబ్బు వెనక్కి ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, మందు వికటిస్తే మందుల దుష్ప్రభావాల హెల్ప్‌లైన్ 1800-180-3024కి ఫోన్ చేసి బ్యాచ్ నంబర్‌తో సహా రాయించండి.